అరకు ఏ నెలలో బాగుంటుంది?

ప్రశ్న: పిల్లలతో అరకు, లంబసింగి చూడాలని ఉంది. దసరా సెలవులకే వెళ్దామని మావారు, సంక్రాంతికి వెళ్దామని మా మరిది. నాకేమో వలిసె పూలూ కావాలి, పొగమంచూ కావాలి. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, ఖమ్మం

జవాబు: ఇద్దరి మాటా వినకండి. దసరాకి వెళ్తే కొండలు పచ్చగా ఉంటాయి కానీ వలిసె చేలు అప్పుడప్పుడే పూత మొదలుపెడతాయి, చలి ఇంకా దిగదు. సంక్రాంతికి చలి గట్టిగానే ఉంటుంది గానీ చాలా చేలల్లో పూత అయిపోయి ఉంటుంది. వలిసె నూనెగింజ పంట. గిరిజన రైతు దాన్ని గింజల కోసం వేస్తాడు, మన ఫొటోల కోసం కాదు. మీరు కోరిన రెండూ ఒకేసారి దొరికేది నవంబరు రెండో సగం నుంచి డిసెంబరు మొదటి వారం దాకా. బడికి రెండు రోజులు సెలవు పెట్టించి సోమ, మంగళవారాల్లో వెళ్ళండి. కార్తీక మాసం ఆదివారాల్లో ఘాట్ రోడ్డు మీద కార్ల బారు చూస్తే నేను ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది. చేలోకి దిగి ఫొటో తీసుకుంటే రైతు కొంత డబ్బు అడగవచ్చు. బేరమాడకండి, తొక్కింది ఆయన పంటనే.

పొగమంచుకి నెల ఒక్కటే చాలదు. ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. ఆ చల్లగాలి లోయలోకి జారి తెల్లారేసరికి మంచు అలుముకుంటుంది. బంగాళాఖాతంలో వాయుగుండం ఉండి మబ్బు పట్టిందంటే నేల వేడి పైకి పోదు, చలి తగ్గుతుంది. నవంబరులో ఇది మామూలే కాబట్టి బయల్దేరే ముందు వాతావరణ సూచన చూసుకోండి. పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాల సముద్రం చూడాలంటే చీకటి ఉండగానే ఎక్కాలి. ఎండ ముదిరితే అంతా కరిగిపోతుంది.

ఇంకో మాట. లంబసింగి అరకు పక్క వీధిలో లేదు. పాడేరు మీదుగా, మలుపుల దారిలో, కొన్ని గంటల ప్రయాణం. పాడేరులో ఒక రాత్రి ఉంటే వంజంగీ కలిసొస్తుంది. ‘ఆంధ్రా కాశ్మీర్’ అన్నారని పిల్లలకు హిమపాతం ఆశపెట్టకండి. ఉష్ణోగ్రత సున్నా దగ్గరికి దిగే రాత్రులున్నాయి, గడ్డి మీద మంచు తెల్లగా పేరుకునే ఉదయాలున్నాయి, అంతవరకే.

ప్రశ్న: వానాకాలంలో అరకు మరీ అందంగా ఉంటుందంటారు. ఆగస్టులో బైకుల మీద వెళ్ళొచ్చా?
– ఒక విద్యార్థి, విజయనగరం

జవాబు: అందం నిజమే. కటికి జలపాతం జలపాతంలా కనిపించేది అప్పుడే. కానీ కొండచరియలు విరిగిపడేదీ అప్పుడే, దోమలూ అప్పుడే. మన్యంలో మలేరియా పాత కథ కాదు. సెప్టెంబరు చివరిదాకా ఆగండి, నీరు అప్పటికీ ఉంటుంది. ఆగలేకపోతే బైకు వదిలి విశాఖలో కిరండూల్ రైలెక్కండి. బైలదిల్లా ఇనుప ఖనిజం కోసం వేసిన ఆ లైను మీద సొరంగం దాటినప్పుడల్లా మబ్బు కిటికీలోకి వస్తుంది. అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీటు కావాలంటే 60 రోజుల ముందు, బుకింగ్ తెరిచిన రోజునే చూసుకోవాలి.

ప్రశ్న: మా అమ్మానాన్నలకు డెబ్బై దాటాయి. చలి పడదు. వేసవిలో తీసుకెళ్తే ఏమైనా మిగిలి ఉంటుందా?
– ఒక ఉద్యోగి, విజయవాడ

జవాబు: మే వద్దు. అరకు ఎత్తు దాదాపు 900 మీటర్లే, పగలు ఎండ తప్పదు. మార్చి చివర్లోనో ఏప్రిల్ మొదట్లోనో వెళ్ళండి. ఆ రోజుల్లో ఒక జల్లు పడితే అనంతగిరి వైపు కాఫీ తోటలు తెల్లగా పూసి మల్లెల్లాంటి వాసన వేస్తాయి. ఆ పూత నాలుగు రోజులు కూడా నిలవదు, దొరికితే మీ అదృష్టం. చైత్రంలో ఇటుకల పండుగ కూడా వస్తుంది. ఊరి ఆడవాళ్ళు దారికి అడ్డంగా నిలబడి పండుగ మామూలు అడిగితే కంగారుపడక చిల్లర సిద్ధంగా ఉంచుకోండి. బొర్రా గుహలు ఏ కాలంలోనైనా ఒకటే. లోపల మెట్లు ఎక్కువ, తడిగా కూడా ఉంటాయి. మోకాళ్ళ నొప్పులుంటే పెద్దవాళ్ళను బయట కాఫీ దగ్గర కూర్చోబెట్టి మీరు వెళ్ళిరండి.