యాకోబు నిచ్చెన బొంత

స్త్రీల సమాజ పాఠము

చదువవలసిన భాగములు: ఆదికాండము 28:10–22, నిర్గమకాండము 22:26–27, మార్కు 2:21, యోహాను 1:51, అపొస్తలుల కార్యములు 9:36–42.



ముండ్లమూరు చుట్టుపట్ల పల్లెలలో బొంత ఎరుగనివారు లేరు. పాత చీరలు, పంచెలు పొరలుగా పరచి మన అవ్వలు కుట్టినదే బొంత. ఇప్పుడు అంగడి రగ్గులు వచ్చినవి గనుక, చుట్టములు వచ్చునప్పుడు బొంతను గాదె వెనుక దాచువారును కలరు. ఇందులో సిగ్గుపడవలసినది ఏమియు మాకు కనబడదు. పేదవాని పైబట్టను కుదువ పెట్టుకొనినవాడు ప్రొద్దు గ్రుంకకముందే దానిని తిరిగి ఇయ్యవలెనని ధర్మశాస్త్రము విధించినది. రాత్రి కప్పుకొనుటకు వానికి అది తప్ప వేరొకటి లేదు. వాని మొర తాను విందునని దేవుడే చెప్పెను.

యాకోబు సంగతి చూడుడి. అన్నకు భయపడి బెయేర్షెబా విడిచి హారానుకు పోవుచు, దారిలో ప్రొద్దు గ్రుంకగా రాయి తలగడగా పెట్టుకొని పండుకొనెను. చాప లేదు, దుప్పటి లేదు. అక్కడనే నిచ్చెన కనబడెను. దాని మీద ఎక్కినవారు, దిగినవారు దేవదూతలే. యాకోబు ఒక్క మెట్టైనను ఎక్కలేదు. తరువాత ప్రభువు నతనయేలుతో మాటలాడుచు, దూతలు మనుష్యకుమారుని మీద ఎక్కుచు దిగుచు ఉండుట చూతురని చెప్పెను. కాబట్టి ఆ నిచ్చెన మన పుణ్యక్రియల మెట్లు కాదు. మేల్కొనిన యాకోబు మ్రొక్కుబడిలో ఏమి కోరెను? దేవుని తోడు, క్షేమముగా తిరిగి వచ్చుట, తినుటకు అన్నము, కట్టుకొనుటకు బట్ట. అన్నముతోపాటు బట్టను అడిగిన ఆ మాట మన ఇండ్లకు ఎంత దగ్గరగా నున్నది!

అమెరికా దేశపు స్త్రీలు గుడ్డముక్కలతో అతుకు బొంతలు కుట్టుచు, ఒక అతుకునకు యాకోబు నిచ్చెన అని పేరు పెట్టిరి. పన్నెండు అంగుళముల అతుకు ఇట్లు చేయవలెను. రెండున్నర అంగుళముల చదరములు ముదురురంగువి 10, లేతరంగువి 10 కత్తిరించుడి. రెండు ముదురు, రెండు లేత ముక్కలను ఎదురెదురు మూలలుగా కలిపి కుట్టగా నాలుగు గళ్ళ ముక్క యగును. అట్టివి 5 కావలెను. తరువాత అయిదు అంగుళముల చదరములు ముదురువి 2, లేతవి 2 తీసికొని మూలకు మూల కోయుడి. ఒక ముదురు సగమును ఒక లేత సగముతో వాలుగీత వెంబడి కుట్టి, నాలుగున్నర అంగుళములకు సరిచేయుడి, ఇవి 4. ప్రతి కుట్టునకు పావు అంగుళము అంచు విడువవలెను. గళ్ళ ముక్కలు నాలుగు మూలలను, ఒకటి నడుమను, వాలు ముక్కలు వాటి సందులలోను పెట్టి, మొదట నేలమీద పరచి చూడుడి. ముదురు గళ్ళు ఒక మూలనుండి ఎదుటి మూలకు మెట్లవలె సాగవలెను. వాలుగీతలు వాటి వెంటనే అదే వాలున నడువవలెను. మూడు వరుసలుగా కుట్టి, పిమ్మట వరుసలను కలుపుడి. ఇట్టివి 12 అయినచో మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల పొడవు గల పిల్లల బొంత యగును. 24 అయినచో పెద్దవారికి చాలును. క్రింద రెండు పొరల పాత చీర వేసి, కచ్చాకుట్టుతో కదలకుండ పట్టి, తరువాత సన్నగా కుట్టుకొనవలెను. కుట్టు మిషను ఉన్నవారు అతుకులకు వాడవచ్చును గాని, పొరలు కలుపుటకు చేతి సూదియే మెత్తగా వచ్చునని మా ఇంటివారందురు.

గుడ్డ విషయములో ప్రభువు మాటయే మంచి పాఠము. మగ్గము మీద బిగువుగా లాగబడిన నూలు నీరు తగులగానే ముడుచుకొనును. ఉతకని కోరా గుడ్డను పాత చీర ముక్కతో కలిపి కుట్టినచో, మొదటి ఉతుకులోనే అది పాతదానిని లాగి చింపును. వినువారు అందరు ఇంటిలో చూచిన సంగతినే ఆయన చెప్పెను.

ఇక రెండు మాటలు నిర్మొగమాటముగా వ్రాయుచున్నాము. నిచ్చెన బొంత కప్పినచో బిడ్డ జ్వరము పోవునని ఎవరును అనుకొనరాదు. అమెరికాలోనే ఆ అతుకును వేరు పేర్లతోను పిలుతురు. పేరులో మహిమ లేదు. జ్వరము వచ్చిన బిడ్డను కొరకు ప్రార్థించి, వైద్యునియొద్దకు తీసికొని పోవలెను.

రెండవది దీనికంటె భారమైనది. విధవరాలి చీర, చనిపోయినవారి చీర బొంతలో కలుపకూడదని మన సంఘములలోను కొందరు అందురు. ఇది వాక్యమునుండి వచ్చినది కాదు. యొప్పేలో దొర్కా చనిపోయినప్పుడు పేతురు చుట్టు నిలిచి ఏడ్చినది ఎవరు? విధవరాండ్రే. ఆమె కుట్టిన అంగీలను, వస్త్రములను వారు చూపిరి. పేతురు వాటిని అశుభమని త్రోసివేయలేదు. ప్రార్థించి ఆమెను లేపి, ఆ విధవరాండ్రను పిలిచి వారికే అప్పగించెను. ఒక విధవరాలు తన మడత చీర తెచ్చి ఇచ్చునప్పుడు దానిని ప్రక్కకు పెట్టినచో, ఆమెనే ప్రక్కకు పెట్టినట్లగును. ఆ చీరనుండి మొదటి చదరము కత్తిరించుడి. ఆమెను సూదితో మీ నడుమ కూర్చుండబెట్టుడి.

చలికాలము రాకమునుపు ఈ పని ముగియవలెను. కోరా గుడ్డ తెచ్చువారు ముందురాత్రియే నానవేసి, గంజి పోవునట్లు ఉతికి, ఆరవేసి తీసికొని రావలెను.