సేవల ఉత్పత్తి: భారత, చైనా దేశముల పోలిక

పొలములో పండిన వడ్లను బస్తాలతో కొలువవచ్చును. సింగరేణి గనులనుండి వెలువడిన బొగ్గును టన్నులతో తూచవచ్చును. సిరిసిల్ల మగ్గములపై నేసిన గుడ్డను మీటర్లతో లెక్కింపవచ్చును. కాని ఉపాధ్యాయుడు చెప్పిన పాఠమును, బస్సు ప్రయాణమును, సహకార సంఘమిచ్చిన అప్పును దేనితో కొలువవలెను? ఇవియు దేశసంపదలో భాగములే. వీనికి సేవలని పేరు. రెండు దేశముల సేవల ఉత్పత్తిని పోల్చునప్పుడు ఏమేమి గమనింపవలెనో, దానివలన మన పంచాయతీలు నేర్చుకొనదగినదేమో ఈ పాఠములో తెలిసికొందము.

సేవలనగా నేవి?

ఆదిలాబాదు ప్రాంతపు పత్తిని ఉదాహరణముగా తీసికొందము. రైతు పత్తి పండించుట వ్యవసాయము. జిన్నింగు మిల్లులో గింజను వేరుచేయుట పరిశ్రమ. పత్తిని మార్కెటుకు చేర్చిన లారీ, కొని అమ్మిన వర్తకుడు, పెట్టుబడికి అప్పిచ్చిన బ్యాంకు చేసినవి సేవలు. 1956లో నాటి కరీంనగరము జిల్లాలో స్థాపింపబడిన ముల్కనూరు సహకార సంఘము రైతులకు అప్పిచ్చుట, వారి పంటను అమ్మిపెట్టుట కూడ సేవలే.

సేవ విలువ కట్టుటకు ఒక పద్ధతి కలదు. లారీకి వచ్చిన కిరాయినుండి డీజిలు, మరమ్మతు మొదలగు కొనుగోళ్ల ఖర్చును తీసివేయగా మిగిలినదే ఆ సేవ విలువ. అట్లు చేయనిచో డీజిలు విలువ రెండుమారులు లెక్కకు వచ్చును. ప్రభుత్వ పాఠశాలలో రుసుము లేదు గనుక ఉపాధ్యాయుల జీతములు మొదలగు ఖర్చులనుబట్టియే దాని సేవకు విలువ కట్టుదురు.

రెండు దేశముల నడక

1950-51లో మన జాతీయాదాయములో సగమునకు పైగా వ్యవసాయమునుండియే వచ్చెడిది. క్రమముగా దాని పాలు తగ్గి సేవల పాలు పెరిగెను. 1980 నాటికి మన దేశములో సేవల పాలు సుమారు మూడవ వంతు. చైనాలో నాల్గవ వంతుకన్న తక్కువ. చైనా మొదట కర్మాగారములను విస్తరింపజేసికొనెను. అచ్చట సేవల పాలు సగము దాటినది 2015 ప్రాంతముననే. నేడు ఉభయ దేశములలోను ఈ పాలు సగమునకు అటు ఇటుగా నున్నది.

ఇంతమాత్రమున రెండు దేశములు సమానమని తలచిన పొరపాటగును. పాలు వేరు, పరిమాణము వేరు. రొట్టె చిన్నదైనచో సగము ముక్కయు చిన్నదే. 1990లో చైనా మొత్తము ఉత్పత్తి సుమారు 36,000 కోట్ల డాలర్లు, మనది సుమారు 32,000 కోట్ల డాలర్లు, ఇంచుమించు సమానము. 2023 నాటికి చైనాది సుమారు 18 లక్షల కోట్ల డాలర్లు, మనది సుమారు మూడున్నర లక్షల కోట్ల డాలర్లు. కావున సేవల పాలు దగ్గరగా నున్నను వాని విలువ చైనాలో మనకు ఐదు రెట్లు. ఇరు దేశముల జనాభా సుమారు 140 కోట్లే గనుక తలసరి లెక్కలోను వ్యత్యాసమంతే.

పనిచేయువారి లెక్కయు చూడవలెను. 2023-24లో మన శ్రామికులలో నూటికి 46 మంది వ్యవసాయమునందే యుండిరి. సేవలలో నున్నవారు నూటికి 30 మంది మాత్రమే. చైనాలో సేవలయందున్నవారు నూటికి సుమారు 48 మంది. మన సేవల ఆదాయము పెరిగినంతగా వానిలో పనులు పెరుగలేదని దీనివలన తెలియుచున్నది. తెలంగాణ ఆదాయములో మూడింట రెండు వంతులకు సమీపముగా సేవలనుండియే వచ్చుచున్నను, అందధికభాగము హైదరాబాదు, దాని పరిసరములదే.

లెక్కకు రాని పని

చైనా 2004వ సంవత్సరమునకు ఆర్థిక గణన జరిపి చూడగా, ఆ దేశపు ఉత్పత్తి అంతకు పూర్వము ప్రకటించినదానికంటె నూటికి సుమారు 17 వంతులు ఎక్కువగా తేలెను. ఆ పెరుగుదలలో చాలభాగము సేవలదే. చిన్న దుకాణములు, రవాణా మొదలగునవి అంతవరకు సరిగా లెక్కకు రాకుండెను. పని లేక కాదు, వ్రాసినవారు లేక.

మరియొక విషయము. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతములనుండి వేలాదిమంది గల్ఫు దేశములకు పోవుచున్నారు. మన ఊరివాడు దుబాయిలో వాహనము నడిపినచో ఆ సేవ విలువ ఆ దేశపు ఉత్పత్తిలో చేరును. అతడు పంపిన సొమ్ము ఇచ్చట కుటుంబమునకు ఆదాయమగునేగాని మన దేశపు ఉత్పత్తిగా లెక్కింపబడదు. కావున ఊరిలో కొత్త మేడలు లేచినంత మాత్రమున ఊరిలో పని పెరిగినదని భావింపరాదు. ఆ సొమ్ముతో ఊరిలో ఎన్ని పనులు కల్పింపబడినవో చూడవలెను.

పంచాయతీ చేయదగినది

గ్రామపంచాయతీ అభివృద్ధి ప్రణాళికను తయారుచేయునప్పుడు సభ్యులు ఊరిలోని సేవల పట్టికను వ్రాయింపవలెను. టీ కొట్టు, ఆటో, క్షౌరశాల, పంపుసెట్టు మరమ్మతు, ట్రాక్టరు కిరాయి, వైద్యము, పాఠశాల వీనిలో ఎందరు పనిచేయుచున్నారో, పదేండ్ల క్రిందట ఎందరుండిరో ప్రక్కప్రక్కన చూపవలెను. ఏ సేవకొరకు జనులు పొరుగూరికి పోవుచున్నారో గుర్తింపవలెను. ఆ సేవను ఊరిలోనే నెలకొల్పుటకు యువకులకు, మహిళా సంఘములకు తోడ్పడవలెను.

ఆర్థిక గణనకు లెక్కవ్రాయువారు వచ్చినప్పుడు పన్ను పడునను భయముతో చిన్న వ్యాపారములను దాచుట తగదని సభ్యులు గ్రామస్థులకు నచ్చజెప్పవలెను. లెక్కకు రాని పని ప్రణాళికకును రాదు. ఊరి లెక్క సరియైననే దేశపు లెక్క సరియగును. అప్పుడే ఇతర దేశములతో మన పోలికయు నిజమగును.