వినేవారి మాట వినేదెవరు?



మన కర్నూలు, కడప పల్లెల్లో బావి సంగతి తెలియనివారుండరు. ఎండాకాలంలో మోటారు ఆపకుండా నడిపితే నీళ్లు అడుగంటి చివరికి బురద వస్తుంది. కొంతసేపు ఆపితే మళ్లీ ఊట ఊరుతుంది. ఇతరుల బాధను రోజూ వినేవారి మనసు కూడా అంతే. కౌన్సెలర్లు, నర్సులు, ఆశా కార్యకర్తలు, తాగుడు మాన్పించే కేంద్రాల్లో పనిచేసేవారు, వారిపై అధికారులు ఈ పాఠాన్ని కలిసి చదవండి.

నేను నేర్చుకున్న పాఠం

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ నీళ్లు కర్నూలు పట్టణాన్ని ముంచెత్తాయి. నీళ్లు తీశాక ఒక వైద్య శిబిరంలో పనిచేశాను. అప్పటికి నేను కొత్త నర్సుని. కాలి పుండ్లకు కట్టు కట్టించుకోవడానికి వచ్చినవారు, కట్టు పూర్తయ్యేలోపు తమ కథంతా చెప్పుకునేవారు. కూలిన ఇల్లు, కొట్టుకుపోయిన గేదె, బిడ్డ పెండ్లికి దాచిన చీరలు. అన్నీ విన్నాను. పది రోజులకు నాకు అన్నం సయించలేదు, నిద్ర పట్టలేదు. ఒక ముసలాయన చెప్పిందే చెబుతుంటే "సరేలే తాతా, తొందరగా కానీ" అని కసిరాను. ఆయన మాట ఆపి, తల వంచుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం మా పెద్ద సిస్టర్ నన్ను పిలిచి, "ఏం పాపా, అన్నం తింటివా?" అని అడిగారు. తిట్టలేదు. పంచడానికి పనికిరాని చినిగిన చీరలు ముందు వేసి, "రా, బొంత కుడదాం" అన్నారు. కుడుతూ కుడుతూ నేనే చెప్పడం మొదలుపెట్టాను. తాతను కసిరిన సంగతీ చెప్పాను. ఆమె అంతా విని, "రేపు ఆయనొస్తే ఏం చెబుతావు?" అని మాత్రం అడిగారు. ఆయన మళ్లీ రాలేదు. ఆ ప్రశ్న మాత్రం నాతోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం నాకు అందినవి రెండు: ఒకటి సూపర్‌విజన్, రెండోది చేతిపని. వాటి విలువ తర్వాత తెలిసింది.

అలసటను గుర్తించడం ఎలా?

పనివల్ల చాలాకాలం కొనసాగే ఒత్తిడిని సరిగా ఎదుర్కోలేనప్పుడు కలిగే స్థితిని బర్న్ అవుట్ అంటారు. 2019లో ఆమోదం పొందిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో దీనిని జబ్బుగా కాక, పనికి సంబంధించిన స్థితిగా చేర్చారు. దీనికి మూడు గుర్తులు:

1. శక్తి అంతా అయిపోయినట్లుండడం.
2. పని మీద విరక్తి, పని నుండి మనసు దూరం కావడం.
3. "నావల్ల ఏమీ కావడం లేదు" అనిపించడం.

రోగి పేరు బదులు బెడ్డు నంబరుతో పిలవడం, బాధ చెప్పేవారిని చూస్తే చిరాకు పడడం, ఇంటికి వెళ్లినా ఆ మాటలే చెవిలో మోగడం కూడా హెచ్చరికలే. ఇది బలహీనత కాదు. కానీ అశ్రద్ధ చేస్తే మనతో పాటు రోగి కూడా నష్టపోతాడు.

సూపర్‌విజన్ అంటే తనిఖీ కాదు

సూపర్‌విజన్ అనగానే మనకు గుర్తొచ్చేది రిజిస్టరు, సంతకం, మెమో. కౌన్సెలింగులో ఆ మాటకు అర్థం వేరు. అనుభవం గల ఒకరితో కూర్చుని, మన పనిని, ఆ పని మనలో రేపిన భావాలను నెమ్మదిగా పరిశీలించుకోవడం. 1950లలో లండన్‌లో మైకేల్ బాలింట్ అనే వైద్యుడు డాక్టర్లను చిన్న గుంపుగా కూర్చోబెట్టి, తమ రోగుల గురించి ఇలాగే మాట్లాడించాడు. నేటికీ అనేక దేశాల్లో బాలింట్ గుంపులు నడుస్తున్నాయి.

మన దగ్గర ఇలా మొదలుపెట్టవచ్చు:

1. నెలకు కనీసం ఒకసారి, ఒక గంట, తలుపు వేసిన గదిలో కూర్చోండి. ఆ గంటను డ్యూటీలో భాగంగా లెక్కించాలి.
2. ఆరు నుండి ఎనిమిది మంది చాలు. వీలైతే సెలవులు, జీతం చూసే అధికారి కాక వేరొకరు నడిపించాలి.
3. రోగి పేరు, ఊరు చెప్పకూడదు. విన్నది గది దాటకూడదు. ఎవరి ప్రాణానికైనా ముప్పు ఉంటే మాత్రం వెంటనే తగినవారికి తెలపాలి.
4. నాలుగు ప్రశ్నలు వేసుకోండి: ఏం జరిగింది? నాకేమనిపించింది? రోగికి ఏం కావాలి? నాకు ఏ సహాయం కావాలి?

చేతిపని, పాట, బొమ్మ

1938లో ఏడ్రియన్ హిల్ అనే ఇంగ్లాండు చిత్రకారుడు క్షయతో శానటోరియంలో ఉండి, బొమ్మలు వేస్తూ కోలుకున్నాడు. తర్వాత తోటి రోగులకూ నేర్పాడు. కళా చికిత్స అనే పేరును వాడుకలోకి తెచ్చింది ఆయనే. అయితే మందు లేకుండా బొమ్మలతో క్షయ నయం కాదు. బొమ్మ మనసుకు ఊరటనిస్తుంది, అంతే.

మనకు కొత్త సరుకులు కొననక్కరలేదు. ముగ్గు పిండి, బొంత గుడ్డలు, చెరువు మట్టి, చెక్కభజన పాట ఉన్నాయి. సమావేశం చివరి పది నిమిషాలు, "ఈ వారం నా మనసు" అని ఒక ముగ్గో గీతో వేయండి. మార్కులు లేవు. అర్థం చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకండి. గోడకు అంటించకండి. రోగిని గుర్తుపట్టేలా వేయకండి.

ఒక హెచ్చరిక. ఇద్దరి పని ఒకరి మీద వేసి, "ముగ్గు వేసుకుని సర్దుకో" అనడం తప్పు. సెలవు, విశ్రాంతి, సరిపడా సిబ్బంది ముందు కావాలి.

డాక్టరు అవసరమెప్పుడు?

నిద్రలేమి, దిగులు రెండు వారాలకు మించితే డాక్టరును కలవండి. కర్నూలు, కడప ప్రభుత్వ సర్వజన ఆసుపత్రుల్లో మనోవైద్య విభాగాలున్నాయి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకండి, ఒంటరిగా ఉండకండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

చర్చించుకోండి

1. గత నెలలో నా మనసును బాగా కలచివేసినది ఏది? ఎవరితోనైనా చెప్పానా?
2. ఆ గంటకు మన ఆసుపత్రిలో ఏ గది, ఏ రోజు వీలవుతుంది?
3. ఈ రోజు నేను "అన్నం తింటివా?" అని అడగవలసిన తోటి ఉద్యోగి ఎవరు?

మూడో ప్రశ్నకు జవాబు ఇప్పుడే ఆలోచించండి. పుస్తకం మూసి, వెళ్లి అడగండి.