పరీక్షల ముందు నిద్ర తగ్గించకండి



మార్చిలో పదో తరగతి పరీక్షలు. చాలా ఇళ్లలో పిల్లలు రాత్రి పన్నెండు దాకా చదివి, తెల్లవారుజామున నాలుగుకే లేస్తున్నారు. 13 నుంచి 18 ఏళ్ల వారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. పగలు చదివింది నిద్రలోనే మనసులో గట్టిపడుతుంది. నిద్ర చాలకపోతే మరుపు, చిరాకు, దిగులు పెరుగుతాయి. వేరుశనగ చేనుకైనా తడికీ తడికీ మధ్య నేల ఆరనిస్తాం కదా, చదువుకూ అంతే.

ఇంట్లో ఇవి పాటించండి:

* రాత్రి పదికి పడుకుని ఆరింటికి లేవాలి. సెలవు రోజైనా వేళ మార్చవద్దు.
* పడుకునే గంట ముందు అందరి ఫోన్లూ పక్కన పెట్టాలి. మనం చూస్తూ పిల్లల్ని వద్దంటే వినరు.
* సాయంత్రం అరగంట ఆట లేదా నడక ఉండాలి.
* అన్నం తినేటప్పుడు మార్కుల మాట వద్దు. "ఈ రోజు ఎట్ల గడిచింది బిడ్డా?" అని అడిగి, అడ్డుపడకుండా వినండి.

రెండు వారాలైనా దిగులు తగ్గకపోతే అలవాట్లతో సరిపెట్టకండి. "నేనుండి ఏం లాభం" అన్న మాట వినిపిస్తే మాత్రం ఆ రోజే, బిడ్డను ఒంటరిగా వదలకుండా, టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన ఈ ఉచిత సేవలో 24 గంటలూ తెలుగులో మాట్లాడవచ్చు.

పరీక్ష తప్పినా సప్లిమెంటరీ ఉంటుందని, ఇంట్లో మీరున్నారని పిల్లలకు ముందే చెప్పండి.