సూది ముట్టనివారు

హెరాయిన్ అనునది నల్లమందులోని మార్ఫీన్‌నుండి చేయబడునది. 1898లో జర్మనీ దేశపు బేయర్ కంపెనీ దీనిని దగ్గు మందుగా అమ్మెను. ఔషధమని యెంచబడినదే అనేకులకు సంకెలయ్యెను.

శరీరము దీనికి అలవాటుపడిన కొలది మోతాదు పెరుగును. మానిన యెడల వణుకు, వాంతులు, ఒళ్లు నొప్పులు, నిద్రలేమి కలుగును. అప్పుడు మనుష్యుడు సుఖముకొరకు గాక బాధను తప్పించుకొనుటకే దానిని వెదకును. మోతాదు మించిన యెడల శ్వాస మందగించి ఆగిపోవును.

ఒకని వ్యసనము వానితోనే ముగియదనుటకు మణిపూర్ సాక్ష్యము. 1980 దశకములో మయన్మార్ సరిహద్దునున్న మోరే మీదుగా హెరాయిన్ అక్కడికి వచ్చెను. సిరంజి దొరికిన యెడల పట్టుబడుదుమను భయముచేత యువకులు చాటున ఒకే సూదిని పంచుకొనిరి. 1990 నాటికి వారి రక్తములో హెచ్.ఐ.వి. బయలుపడెను. పిమ్మట అది సూదిని ఎన్నడును ముట్టని భార్యలకును, వారికి పుట్టిన బిడ్డలకును సోకెను.

భయము రోగమును ఆపలేదు, దాచెను. కనుకనే తరువాతి సంవత్సరములలో శుభ్రమైన సూదులను, బుప్రెనార్ఫిన్ చికిత్సను అక్కడ అందజేయసాగిరి. ఇది వ్యసనమును సమర్థించుట కాదు. ప్రాణము నిలిచియున్నవానికే మారుటకు దినములుండును. వానిని కాపాడుట వాని ఇంటివారినందరిని కాపాడుటయే.

ఆలోచించుడి: అట్టివాడు మన వీధిలో ఉన్న యెడల, సహాయముకొరకు సిగ్గుపడక మన తలుపు తట్టగలడా?