హామ్ ఎండిపోకుండా వేడిచేయాలంటే?

ప్రశ్న: మేం డల్లాస్‌లో ఉంటాం. క్రిస్మస్‌కి తెచ్చే స్పైరల్ హామ్ ఓవెన్‌లో పెడితే ఎండిపోతోంది. ఎందుకని?

జవాబు: ముందు లేబుల్ చూడండమ్మా. ‘ఫుల్లీ కుక్డ్’ అని ఉంటే అది ఉడికిన మాంసమే, వేడిచేస్తే చాలు. ఇంకా ఉడికిస్తే ఎండక ఏమవుతుంది? కోసిన వైపు కిందికి పెట్టి, ట్రేలో అర కప్పు నీళ్లు పోసి, ఫాయిల్ అంచులు బిగించి మూయండి. ఓవెన్ 325 డిగ్రీల ఫారన్‌హీట్‌లో ఉండాలి. పౌనుకి 10 నుంచి 18 నిమిషాలన్నది అంచనాకే. నేనైతే గడియారాన్ని నమ్మను. ఎముకకు తగలకుండా గుచ్చిన థర్మామీటర్ 140 చూపాలి. ఫ్యాక్టరీ ప్యాకింగ్ విప్పి కొట్లో మళ్లీ ప్యాక్ చేసిందైతే 165. తేనె పూత చివరి పావుగంటలోనే వేయండి, ముందే పూస్తే మాడుతుంది. మిగిలింది 2 గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టేయండి.