పిల్లల పండుగలు, ప్రయాణములు, ఇంటి తెలుగు

జేకేపూరులోని తెలుగు బిడ్డకు నాలుగు భాషలతో పరిచయము తప్పదు. వీధిలో ఒడియా, టెలివిజనులో హిందీ, పై తరగతులలో ఇంగ్లీషు, ఇంటిలో తెలుగు. ఇన్ని భాషలు వినుట బిడ్డకు భారమని నేననను; పసితనమున భాషలు సులువుగనే పట్టుబడును. చింతింపవలసిన సంగతి వేరొకటి కలదు. తల్లి తెలుగున పలుకరించును. బిడ్డ ఒడియాలోనో హిందీలోనో బదులిచ్చును. తల్లికి ఆ భాషయు తెలియును గావున ఆమె దానిని పట్టించుకొనదు. ఇట్లు కొన్ని యేండ్లు గడచిన పిమ్మట, వేసవి సెలవులలో పార్వతీపురము నుండియో బొబ్బిలి నుండియో అమ్మమ్మ వచ్చి, "ఏమి నాన్నా, బడిలో ఏమి జరిగినదిరా?" యని అడుగగా, వాడు "బాగుంది" అని యొక్క మాట పలికి ఊరకుండును. వానికి చెప్పుటకు సంగతులు లేక కాదు. చెప్పుటకు వలయు వాక్యములు లేక.

కారణము వెదకినచో, ఇంటి తెలుగు నానాటికి కుదించుకొనిపోవుటయే యని తోచుచున్నది. పని దినములలో మనము పిల్లలతో పలుకు మాటలను ఒకనాడు లెక్కించి చూడుడు. "లే, పండ్లు తోముకో, తిను, తొందరగా కానీ, సంచి ఏదీ, పుస్తకము తియ్యి, పడుకో." అన్నియు ఆజ్ఞలే. మిల్లులో షిఫ్టు ముగించుకొని వచ్చిన తండ్రికి ఇంతకు మించిన ఓపిక యుండదు. ఆయనను తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. కాని ఆజ్ఞకు బదులు పలుకనక్కఱలేదు, లేచి నిలుచున్న చాలును. నిన్న ఏమి జరిగెను, అది ఎందులకు జరిగెను, రేపు వాన వచ్చినచో ఏమి చేయుదుము అను వాక్యములు ఆజ్ఞల నడుమ పుట్టవు. అవి పుట్టు దినములు ప్రతి సంసారమునందును కొన్ని కలవు. పుట్టినరోజులు, విహారములు, దూరప్రయాణములు అట్టివి. వానిని మనము ఎట్లు గడుపుచున్నామన్నదే ఇచటి విచారము.

"బడి యున్నది గదా!" యనువారు కలరు. నిజమే. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350-ఏ అధికరణము, భాషాల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషయందు బోధన జరుగుటకు తగిన సౌకర్యములు కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకును స్థానిక సంస్థలకును చెప్పుచున్నది. తమ విద్యాసంస్థలను తామే స్థాపించి నడపుకొను హక్కును 30వ అధికరణము ఇచ్చుచున్నది. ఇవి గొప్ప రక్షణలు. ఐనను ఏ అధికరణమును భోజనపు పీట యొద్ద కూర్చుండి బిడ్డచేత కథ చెప్పింపజాలదు.

పండుగలను నిలిపిన మాత్రమున భాష నిలుచునా యను ప్రశ్నకు మారిషసు ద్వీపపు తెలుగువారి చరిత్ర మంచి సమాధానము. 1834 మొదలు కూలి ఒప్పందములపై భారతీయులను ఆ ద్వీపపు చెఱకు తోటలకు గొనిపోయిరి. అట్లు వెడలినవారిలో గంజాము, విశాఖపట్టణము, గోదావరి ప్రాంతముల తెలుగువారును కలరు. పలువురు కోరంగి రేవున ఓడ యెక్కుటచే అచటివారు తెలుగువారిని "కోరంగీలు" అని పిలిచిరి. వారి సంతతి నేటికిని ఉగాది జరుపుకొనును. ఆ దినము అచట ప్రభుత్వపు సెలవు. రామభజనము చేయుదురు, మన సింహాద్రి అప్పన్నను కొలుతురు, బడులలో తెలుగు నేర్తురు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అచటనే జరిగినవి. ఇంతటి నిష్ఠ గల వారి యిండ్లలో దినదినము మాటలాడు భాష మాత్రము చాలవరకు క్రియోలు. పాట నిలిచినది, పలుకు జారినది. సముద్రమునకు ఆవలనుండి, తోటలలో పలు భాషలవారితో కలసి బ్రతుకుచు వారు ఆ మాత్రము నిలుపుకొనుటయే ఆశ్చర్యకరము. మనకు సముద్రము అడ్డము లేదు. రైలెక్కినచో సుమారు గంటలో పార్వతీపురము.

ఇక పుట్టినరోజు. సాయంకాలము కేకు కోయించుట, కొవ్వొత్తులార్పుట, బుడగలు కట్టుట నేడు అందఱి యిండ్లలోను జరుగుచున్నది. దానిపై నాకు కోపము లేదు. పిల్లలకు అది ముచ్చట. కాని ఆ గంటసేపు బిడ్డ పలుకునదేమి? ఒక ఇంగ్లీషు పాట వినును, ఛాయాచిత్రమునకు నవ్వును. అంతే. మన పాత పద్ధతిలో ఉదయమున తలంటు కలదు, క్రొత్త బట్ట అంచునకు పసుపు కలదు, పరమాన్నము కలదు, పెద్దలు వేయు అక్షింతలు కలవు. కొన్ని కుటుంబములలో నువ్వులు, బెల్లము కలిపిన పాలు త్రాగించి మార్కండేయుని తలతురు. బిడ్డ "ఎందుకు?" అని అడుగకమానడు. అడిగినచో చిరంజీవుల కథ చెప్పవలసియుండును. అశ్వత్థామ, బలి, వ్యాసుడు, హనుమంతుడు, విభీషణుడు, కృపుడు, పరశురాముడు, వారితోడ మార్కండేయుడు. ఒక్క గ్లాసు పాలకు ఎనిమిది కథలు! ఒక్కనాడే అన్నియు చెప్పనక్కఱలేదు. ఏటికొకటి చెప్పినను ఎనిమిదేండ్లు గడచును.

మఱియొక వేడుక సంవత్సరముల పేర్లలో నున్నది. 2016 ఏప్రిల్ 8న వచ్చిన ఉగాదితో దుర్ముఖి నామ సంవత్సరము మొదలైనది. అరువదేండ్లకొకసారి పేర్లు తిరిగివచ్చును గావున, అంతకుముందు 1956 ఉగాది నుండి నడచినదియు దుర్ముఖియే. ఆ సంవత్సరముననే ఆంధ్రప్రదేశ్ ఏర్పడినది, పైన చెప్పిన 350-ఏ అధికరణమును వచ్చినది. ఇంటిలో 1956లో పుట్టిన తాతయు, 2016లో పుట్టిన మనుమడును ఉన్నచో, ఇద్దఱును ఒకే పేరు గల సంవత్సరమున పుట్టినవారు. "తాతయ్యా, మనమిద్దఱము దుర్ముఖులమా?" యని పిల్లవాడు పకపక నవ్వును. 2019లో పుట్టిన చెల్లెలు వికారి నామ సంవత్సరమునదని తెలిసినచో నవ్వు మఱింత పెరుగును. ఈ నవ్వులలో షష్టిపూర్తి యననేమో చెప్పకయే తెలియును.

ఆ దినమున వచ్చు బంధువుల పిలుపులను గూర్చి కొంచెము నిలిచి చెప్పవలెను. తెలుగున మేనమామ కుమారుడు బావ, మేనత్త కుమారుడును బావయే. పెదనాన్న కుమారుడు, పినతల్లి కుమారుడు అన్నదమ్ములు. ఒడియాలో మేనమామ కుమారుడును "భాయి"యే. రెండు పద్ధతులును ఆయా సమాజములకు తగినవే. ఐతే మన బిడ్డ బావను, అన్నను ఒక్కటిగా "భయ్యా" యనుటకు అలవాటుపడెనేని, పోవునది ఒక మాట కాదు. బావ, మఱదలు, వదిన అను వరుసలును వాని వెంటనుండు పరిహాసములును, మర్యాదలును కూడ పోవును. శ్రీకాకుళము వైపు అక్కను "అప్ప" యందురు. ఇంటిలో నాయనమ్మ ఆ మాటయే వాడుచున్నచో దానిని దిద్దవలదు, అదియు తెలుగే. వాడుక భాషకై జీవితమంతయు పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఈ నేలకు చేరువనున్న పర్లాకిమిడిలో నుండి సవరల పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పించిన మహానుభావుడు. గ్రాంథికమున సాగుచున్న ఈ వ్యాసమును చూచినచో ఆయన ఏమనియుండునో నాకు తెలియును గాని, అప్పయను మాట విషయమున మాత్రము నాతో ఏకీభవించును.

పొరుగువారి పండుగను కూడ వదలరాదు. కార్తిక పూర్ణిమ గడచిన ఎనిమిదవ దినమున ఒడియావారి యిండ్లలో ప్రథమాష్టమి జరుగును. అది తొలిచూలు బిడ్డ పండుగ. మేనమామ యింటినుండి క్రొత్త బట్టలు వచ్చును. పసుపాకులో ఎండూరి పిఠా ఆవిరిపై ఉడికింతురు. బియ్యము, మినపపిండి నడుమ కొబ్బరి, బెల్లము పెట్టిన ఆ వంటకమును మన పిల్లలు తిని వచ్చి దాని వాసనను, రుచిని తెలుగులో వర్ణింపగలిగినచో, పొరుగు స్నేహమును ఇంటి భాషయు రెండును కూడివచ్చినట్లే.

కానుకలలో ఒక పుస్తకముండుట మేలు. రేడియో అన్నయ్యగా పేరొందిన న్యాయపతి రాఘవరావుగారు మన ఒడిశాలోని బరంపురమున జన్మించినవారే. ఆయనయు, రేడియో అక్కయ్య కామేశ్వరిగారును 1945లో "బాల" పత్రికను వెలువరించిరి. 1947 జూలైలో మొదలైన "చందమామ" నేడు వెలువడుట లేదు గాని, పాత సంచికలు పలువురి యిండ్లలో అటకలపై నున్నవి. దింపి దుమ్ము దులుపుడు.

విహారములకు మనకున్న భాగ్యము సామాన్యము కాదు. నాగావళి మన ముంగిటనే పాఱుచున్నది. కలహండి కొండలలో పుట్టి, రాయగడ మీదుగా ఆంధ్రదేశమున ప్రవేశించి, సుమారు 256 కిలోమీటర్లు నడచి, శ్రీకాకుళమునకు దిగువన కల్లేపల్లి యొద్ద సముద్రమున కలియును. దీనికి లాంగుల్య యను పేరును కలదు. కరవున నీరులేక అలమటించు ప్రజల కొఱకు బలరాముడు తన నాగలితో ఈ నదిని పాఱించెననియు, తీరమున ఐదు శివాలయములను ప్రతిష్ఠించెననియు జనులు చెప్పుకొందురు. వానిలో మొదటిది మన రాయగడ జిల్లాలోని పాయకపాడు పాతాళేశ్వరుడు. తరువాతివి సరిహద్దునకు ఆవల: ఝంఝావతి వచ్చి కలియు గుంప యొద్ద సోమేశ్వరుడు, సువర్ణముఖీ వేగవతులు కలియు సంగమున సంగమేశ్వరుడు, శ్రీకాకుళమున కోటేశ్వరుడు, కల్లేపల్లిలో మణినాగేశ్వరుడు.

ఈ ఐదింటిని ఒక్క పర్యాయమే చుట్టివచ్చుట పిల్లలకు అలసట. సెలవుకొకటి చాలును. నాగలిని చూడని బిడ్డకు దారిలో పొలమున ట్రాక్టరును చూపి, పూర్వము దీని పని చేసినది నాగలి యని చెప్పవచ్చును. నది పేరు తనంత తానే విడివడును. రెండు నదులు కలియుచోట నీటి రంగు ఏ వైపున ఎట్లున్నదో వానినే చూచి చెప్పుమనుడు. దూరము పోలేనివారికి రాయగడ మజ్జిగౌరమ్మ గుడియు, ఏటిలో ఏనుగులవలె పడుకొనియున్న హాతిపత్థరు బండలును కలవు. వానకాలమున మాత్రము పిల్లలను నీటి అంచునకు పోనీయవలదు. పైన కొండలలో కురిసిన వాన ఇచట ఎండ కాయుచుండగనే వఱదయై వచ్చును.

ఇచట నేను ముఖ్యముగ చెప్పదలచినది ఒకటి కలదు. విహారమున నున్నంతసేపు బిడ్డను ప్రశ్నలతో వేధింపరాదు. "ఇది ఏమి? దానినేమందురు?" అని పరీక్ష పెట్టినచో వాడు మఱుసటి సెలవున రాననును. మాటలు పండునది ఇంటికి వచ్చిన తరువాత. రాలేకపోయినవారు ఇంటిలో ఎవరో యొకరు ఉందురు. షిఫ్టులోనున్న తండ్రి కావచ్చును, ఊరిలోనున్న అమ్మమ్మ కావచ్చును. వారికి సంగతి చెప్పు పనిని బిడ్డకే అప్పగింపుడు. చూడనివారికి చెప్పవలెనన్నచో మొదట ఏమి, పిదప ఏమి, ఎంత పెద్దది, ఎందులకు భయపడితిని అనునవి వరుసగా రావలెను. నడుమ ఒడియా మాట దొరలినచో అడ్డుపడవలదు, అమ్మమ్మయే "అనగా నేమిరా?" యని అడుగును. అప్పుడు వాడు తెలుగు మాటకై తడుముకొనును. ఆ తడుములాటయే చదువు.

రైలు ప్రయాణమును అట్టిదే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడునంతవరకు ఈ కోరాపుట్టు, రాయగడ ప్రాంతములును పార్వతీపురమును మద్రాసు రాజధానిలోని ఒక్క విశాఖపట్టణము జిల్లాలోనివే. మన రాయగడ ప్రత్యేక జిల్లా యైనది 1992లో. జయపురపు మహారాజు విక్రమదేవవర్మ ఒడియా తెలుగులు రెండింట విద్వాంసుడై, ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు విరివిగ ధనమిచ్చి పోషించెను. ఈ సంగతులను కిటికీ ప్రక్కన కూర్చుండబెట్టి చెప్పవచ్చును. సరిహద్దు దాటగనే స్టేషను బోర్డులపై తెలుగక్షరములు వచ్చును. కూనేరు, పార్వతీపురము, సీతానగరము, బొబ్బిలి, విజయనగరము. అక్షరములు నేర్చుకొనుచున్న బిడ్డకు ఇంతకంటె పెద్ద వాచకము దొరకదు. బండి కదలకముందే చదువవలెనను తొందర దానికి తోడు.

బిసంకటకము దాపునగల చాటికోణకు జలపాతము చూడ పోవువారు, వీలైనచో బుధవారపు సంతనాడు పొండు. నియమగిరి నుండి డొంగరియా కోందులు దిగివత్తురు. వారి కువీ భాష మన తెలుగునకు దగ్గఱి చుట్టము. వారును ఇంటిని "ఇల్లు" అనియే యందురు, కంటిని "కను" అందురు. పిల్లలకు ఇది చెప్పి చూడుడు, చెవులు రిక్కించి విందురు.

విదేశములకు పోయిన కుటుంబముల సంగతి చెప్పి ముగింతును. జేకేపూరులో చదివిన బిడ్డలు పలువురు నేడు అమెరికాలోను, గల్ఫు దేశములలోను ఉన్నారు. అమెరికాలో 2007లో మొదలైన సిలికానాంధ్ర మనబడి వంటి వారాంతపు బడులలో తలిదండ్రులే ఉపాధ్యాయులై తెలుగు చెప్పుచున్నారు. ఇచటి తాతలు, నాయనమ్మలు చేయగల సహాయమొకటి కలదు. దూరభాషణమున మనుమరాలిని "బాగున్నావా, తిన్నావా" యని అడిగినచో "ఊ" అనును. మాట అంతటితో ఆగును. దానికి బదులుగా ఇచటి సంగతి నొకదానిని సగము చెప్పి నిలుపుడు: "నిన్న నాగావళికి వఱద వచ్చి వంతెన యొద్ద ఏమైనదో తెలియునా?" తక్కినది వచ్చు ఆదివారము చెప్పుదుమనుడు. పుట్టినరోజునకు డబ్బు పంపుటతోపాటు స్వహస్తముతో ఒక జాబు వ్రాయుడు. కాగితము చేయు ఊరివారము. ఒక ఠావు మనకు కొఱత కాదు. పెద్ద అక్షరములతో, చిన్న వాక్యములతో, ఆమె పుట్టిననాడు ఇంటిలో ఎవరెవరుండిరో, వాన కురిసెనో లేదో, పేరు ఎవరు పెట్టిరో వ్రాయుడు. చివర ఒక ప్రశ్న యుంచుడు. బదులు తప్పులతో వచ్చును. ఆ తప్పులను ఎఱ్ఱసిరాతో దిద్ది త్రిప్పి పంపవలదు; అడిగిన దానికి జవాబు వ్రాసి, మఱియొక ప్రశ్నతో తిరుగు టపాలో పంపుడు.